పదహారో లాకు

ఇంజను పని నేర్చుకునేవాళ్లు ఎవరైనా నా దగ్గరికి వస్తే ముందుగా ఒకటే చెబుతాను. విప్పిన ప్రతి ముక్కనూ లెక్కపెట్టి పక్కన పెట్టుకోండి. పెద్దవాటిని ఎలాగూ పోగొట్టుకోరు. గోరంత ఉండేవాటిని లెక్కపెట్టండి. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను ఈ మాట తప్పింది ఒక్కసారే. ఆ ఒక్కసారి ఏం జరిగిందో ఇప్పుడు రాస్తున్నాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత దగ్గరివాళ్లు నాకు పెద్దగా లేరన్నది కూడా నిజమే.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది. కరీంనగర్‌లో ఒక ప్రభుత్వ శాఖ బండ్లు బాగుచేసే గ్యారేజీలో నేను మిస్త్రీని. మొత్తం నలుగురం. మిగతా ముగ్గురికీ ఇళ్లూ సంసారాలూ ఉన్నాయి. నన్ను కన్న మా అవ్వ పోయాక నాకు ఒక అద్దె గది, ఒక కిరసనాయిలు స్టవ్వు మిగిలాయి. అందుకే ఎక్కడ బండి ఆగినా, వానైనా ఎండైనా, పెద్ద మిస్త్రీ చూపు నా మీదే పడేది. ఆయన మంచివాడే. మోటు మనిషి.

ఆ ఏడు తొలకరికి ముందు మా శాఖ అధికారి ఒకాయన ఆదిలాబాద్ జిల్లా అడవుల్లో పర్యటనకు వెళ్లాడు. కెరమెరి ఘాటు ఎక్కుతుంటే ఆయన కారు వేడెక్కింది. నీళ్ల గొట్టం పగిలింది. డ్రైవరు అది చూసుకోకుండా పై దాకా లాగాడు. జైనూర్ ఇంకా కొన్ని మైళ్లుందనగా ఇంజను పొగలు కక్కి ఆగిపోయింది. ఎడ్లను కట్టి దగ్గర్లో ఉన్న ఫారెస్టు బంగళా దాకా లాగించి, అక్కడి షెడ్డులో పెట్టి, అధికారీ డ్రైవరూ వేరే జీపులో తిరిగి వచ్చేశారు.

“గ్యాస్కెట్ కాలింది. ఇంజన్ తలకాయ వంగి ఉంటది,” అన్నాడు పెద్ద మిస్త్రీ, డ్రైవరు చెప్పింది విని. “నువ్వు పో.”

“వానలు మొదలైతున్నయి గదన్నా. వాగులు వస్తే ఇర్కపోత.”

“ఇర్కపోతే ఏమైతది? నీకేమన్న పెండ్లమా పిల్లలా ఎదురుచూసెటానికి?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంజనుకూ దాని తలకాయకూ మధ్య పరిచే కొత్త గ్యాస్కెటు, కొత్త నీళ్ల గొట్టం, పనిముట్ల పెట్టె, వాల్వులు అరగదీసే మందు డబ్బా, ఇనుము రుద్దే ఎమరీ పొడి, రెండు జతల బట్టలు తీసుకుని బయలుదేరాను. పెద్దపల్లి దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆసిఫాబాద్ రోడ్డు స్టేషను దాకా రైలు, ఆ తరువాత ఒక కలప లారీ, చివరికి ఎడ్లబండి. మూడోరోజు సాయంత్రం బంగళా చేరాను. నేను దాటి వచ్చిన వాగు ఆ మర్నాడే పొంగింది.

బంగళా అంటే పెద్దదేమీ కాదు. రెండు గదులు, ముందు వరండా, వెనక వంటపాక, పక్కన రేకుల షెడ్డు. చుట్టూ టేకు చెట్లు. దగ్గర్లో ఊరంటూ లేదు. గోండుల గూడెం ఒకటి ఉంది గానీ అది వాగు అవతల. అక్కడ ఉండే మనిషి ఒక్కడే, చౌకీదారు. యాభై దాటినవాడు, సన్నగా పొడుగ్గా ఉండేవాడు. ఖాకీ చొక్కా గుండీలన్నీ మెడ దాకా పెట్టుకుని నా ముందు నిటారుగా నిలబడి సలాం చేశాడు.

“నేను సాబును కాదు కాకా, మిస్త్రీని,” అన్నాను.

“అయితే ఏంది, వచ్చింది మనిషే గద,” అన్నాడు.

ఆ మాట ఎందుకన్నాడో అప్పుడు పట్టించుకోలేదు.

వంట ఆయనే చేశాడు. జొన్నరొట్టె, పప్పు. సాబులకు పెట్టినట్టు నాకు బల్ల మీద పళ్లెం పెట్టి తాను గోడ పక్కన నిలబడ్డాడు. నాకు మింగుడు పడలేదు. నా పళ్లెం తీసుకుని వంటపాకలోకి వెళ్లి పొయ్యి పక్కన కూర్చున్నాను. ఆయన కాసేపు ఏం చేయాలో తెలియనట్టు నిలబడి, తన రొట్టె తెచ్చుకుని నాకెదురుగా కూర్చున్నాడు. అప్పుడు ఆయన పేరు అడిగాను. పేరు ఇక్కడ రాయను గానీ, చెప్పేముందు ఆయన కొంచెం ఆలోచించాడు. ఎవరూ అడగక చాలా రోజులైందన్నాడు. వచ్చే సాబులు ఏడాదికి నాలుగైదుసార్లు వస్తారట. “చౌకీదార్, నీళ్లు తే. చౌకీదార్, కోడి కొయ్యి.” అంతే.

ఆయన భార్య ఆ బంగళాలోనే జ్వరంతో పోయింది. ఒక్కతే కూతురు, మరాఠీ మాట్లాడే చాందా వైపు ఇచ్చి పెళ్లి చేశాడు. ఆమె మాట మెల్లగా మరాఠీలోకి తిరిగిపోయిందనీ, వచ్చినప్పుడు మనవలు తాత అనకుండా తనను “ఆజోబా” అని పిలుస్తారనీ, తనకు వాళ్ల మాట సగమే అర్థమవుతుందనీ చెప్పాడు. ఆ రావడం కూడా రెండేళ్లకోసారి.

మర్నాడు పని మొదలుపెట్టాను. నీళ్లు వంపి, కార్బురేటరు ఊడదీసి, పైనున్న మూత తీసి, ఇంజను తలకాయను, అంటే హెడ్డును, పట్టి ఉంచే నట్లు ఒక్కొక్కటే వదులు చేశాను. ఆయన షెడ్డు గడపలో గొంతుక్కూర్చుని చూశాడు. ఇద్దరం కలిసి హెడ్డును ఎత్తి నేల మీద పరిచిన గోనె మీద పెట్టాం.

“గిదేనా బండి తలకాయ?”

“గిదే కాకా.”

“మస్తు బరువున్నది. మన తలకాయలే నయం.”

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు విని ఆయన మొహం వెలిగిపోయింది. తరువాత రోజంతా ఏదో ఒకటి అని నన్ను నవ్వించాలని చూశాడు.

అనుకున్నట్టే రెండో సిలిండరుకూ మూడో సిలిండరుకూ మధ్య గ్యాస్కెటు కాలిపోయి ఉంది. ఉక్కు స్కేలు అంచును హెడ్డు అడుగున ఆనించి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే నడుమ సన్నటి వెలుగు కనబడింది. వంగింది. ఇవాళైతే మీరు దాన్ని మిషన్ షాపుకు పంపి సాయంత్రానికల్లా చదును చేయించి తెచ్చుకుంటారు. అక్కడ నాకున్నది రెండు చేతులు. చేతులతో చేయాలన్నా హెడ్డును రుద్దడానికి కింద వంపు లేని గట్టి పలక ఒకటి కావాలి. రాయి పనికిరాదు, చెక్క పనికిరాదు. బంగళా అంతా వెతికితే ఆ లక్షణం ఉన్నది ఒక్కటే కనబడింది. సాబుల బల్ల మీద పరిచిన మందపాటి అద్దం.

అడిగితే చౌకీదారు మొహం మాడిపోయింది. “అది రిజిష్టర్ల ఉన్నది మిస్త్రీ సాబ్. పగిల్తే నా నౌకరీ పోతది.”

“పగలనియ్య కాకా.”

“మీరు పగలనియ్యరు. అదే పగిల్తే?”

ఇంకేమీ అనకుండా వచ్చేశాను. మధ్యాహ్నం చూస్తే ఆయన ఆ అద్దాన్ని దుప్పట్లో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద మోసుకుంటూ వానలోంచి షెడ్డులోకి వస్తున్నాడు. తనే నేల చదును చేసి, దుప్పటి పరిచి, దాని మీద అద్దం పెట్టాడు. ఎమరీ పొడిని నూనెలో కలిపి అద్దం మీద పూసి, దాని మీద హెడ్డును బోర్లించి గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాను. ఒక పక్క నేను, ఒక పక్క ఆయన. అయిదు రోజులు రుద్దాం. రోజుకు ఎన్నోసార్లు తుడిచి, స్కేలు పెట్టి చూసేవాణ్ణి. “ఇంకా వెలుగున్నదా?” అని అడిగేవాడు. ఉందంటే మళ్లీ పట్టేవాడు. ఆరోరోజు పొద్దున వెలుగు కనబడలేదు. అద్దం గీతలు పడి మసకబారింది గానీ పగల్లేదు.

వాన ఆగీ ఆగనట్టు కురుస్తూనే ఉంది. నేను హెడ్డులోని వాల్వులు విప్పాను. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. ఆ ఇంజనుకు ఎనిమిది వాల్వులు. ఒక్కో వాల్వు కాడను స్ప్రింగు పట్టి ఉంచుతుంది. ఆ స్ప్రింగు ఊడిపోకుండా కాడ మెడలో రెండు చిన్న ఇనుప ముక్కలు ఇరుక్కుని ఉంటాయి. గోరులో సగమంత ముక్కలు. వాటిని మేము లాకులంటాం. ఎనిమిది వాల్వులకు పదహారు లాకులు. వాటిని ఒక సత్తు గిన్నెలో కిరసనాయిలు పోసి అందులో వేశాను. లెక్కపెట్టలేదు. ఎందుకు లెక్కపెట్టలేదంటే, పక్కన ఆయన ఏదో చెబుతున్నాడు, నేను వింటున్నాను. గ్యారేజీలో నాతో ఎవరూ అంతసేపు మాట్లాడేవాళ్లు కాదు.

గిన్నెలోంచి ఒక లాకు తీసి వేలి మీద పెట్టుకుని చూశాడు ఆయన.

“గింత దాన్తోని ఏం పని?”

“గది లేకుంటే వాల్వు నిలవది. వాల్వు నిలవకుంటే ఇంజన్ నడవది.”

“ఒక్కటి లేకున్నా?”

“ఒక్కటి లేకున్నా కదలది. బండి ఈడనే ఉండుడే.”

“మీరు సుత?”

“నేను సుత,” అన్నాను నవ్వుతూ. “బండి లేకుండ పోతే మా పెద్ద మిస్త్రీ తోలు తీస్తడు.”

ఆయన లాకును మళ్లీ గిన్నెలో వేశాడు.

తరువాతి రోజులు మసి గోకడంతో గడిచాయి. మొద్దు చాకుతో గోకడం, కిరసనాయిలుతో కడగడం, గుడ్డతో తుడవడం. వాల్వులను వాటి వాటి గూళ్లలో పెట్టి, మందు రాసి, అటూ ఇటూ తిప్పుతూ అరగదీశాను. మొదట గరగరమని మోత వస్తుంది. పని అయ్యేకొద్దీ మోత సన్నబడి చివరకు పట్టు గుడ్డ జారినట్టు వినబడుతుంది. ఆ తేడా చౌకీదారు నాకంటే ముందు పట్టేశాడు. “ఆ, గిది అయ్యింది,” అనేవాడు షెడ్డు అవతలి నుంచి. మాకు ఒక అలవాటు ఏర్పడింది. పొద్దున చాయ, మధ్యాహ్నం రొట్టె, సాయంత్రం వరండాలో బీడీ. ఆయన తన భార్య గురించి చెప్పేవాడు. నేను మా అవ్వ గురించి చెప్పేవాణ్ణి. ఆమె పోయి మూడేళ్లయినా అంతకుముందు ఒక్కరికీ చెప్పలేదు. ఎప్పుడు మొదలైందో గుర్తులేదు గానీ ఆయన నన్ను మిస్త్రీ సాబ్ అనడం మానేసి “బిడ్డా” అనసాగాడు.

అన్నీ అయ్యాక వాల్వులు తిరిగి బిగించడానికి కూర్చున్నాను. ఏడు వాల్వులకు పద్నాలుగు లాకులు సరిపోయాయి. ఎనిమిదో దానికి గిన్నెలో చెయ్యి పెడితే ఒక్కటే దొరికింది.

గిన్నె వంపాను. గోనె దులిపాను. పెట్టె బోర్లించాను. లేదు. విప్పేటప్పుడు స్ప్రింగు ఎగిరి పడితే దాంతోపాటు ఎక్కడికో పోయిందా? కడిగిన కిరసనాయిలు బయట పారబోసినప్పుడు దాంతో పోయిందా? లెక్కపెట్టి ఉంటే పోయింది ఎప్పుడో తెలిసేది. లెక్కపెట్టలేదు కాబట్టి ఏ దారీ లేదు.

నాలుగు రోజులు వెతికాం. వెతికాం అంటున్నాను, ఎందుకంటే ఆయనా వెతికాడు. షెడ్డు నేల మట్టి పై పొరంతా గోకి జల్లెడ పట్టాడు. కిరసనాయిలు పారబోసిన చోట బురదను చాటలో వేసి కడిగాడు. నేను నా మీద నేనే మండిపడుతూ, ఆ కోపం ఆయన మీద చూపిస్తూ, అటు జరుగు ఇటు జరుగు అని అరుస్తుంటే చెప్పినట్టే జరిగేవాడు. గ్యారేజీకి ఉత్తరం రాశాను గానీ దాన్ని వాగు దాటించే మనిషి లేడు. ఉత్తరం నా జేబులోనే నాని ముద్దయింది.

చివరకు అలాంటి ముక్క నేనే చేద్దామనుకున్నాను. పాత బోల్టు ఒకటి తీసుకుని ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టాను. అంత చిన్న ముక్కను పట్టుకోవడానికి బిగింపు పరికరం లేదు. వేళ్లతోనే పట్టుకోవాలి. మూడు రోజుల్లో రెండు పాడు చేశాను. మూడోది కొంచెం కుదురుతుందనగా ఆకురాయి జారి బొటనవేలు గోరు పక్కన లోతుగా తెగింది. చౌకీదారు పసుపు తెచ్చి అద్ది, తన తువ్వాలు చించి కట్టు కట్టాడు. కట్టు కడుతూ ముడి రెండుసార్లు విప్పి మళ్లీ వేశాడు. రక్తం చూసి భయపడ్డాడనుకున్నాను.

మర్నాడు పొద్దున నేను షెడ్డుకు వెళ్లేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. ఖాకీ చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని, నేను వచ్చిన మొదటి రోజు నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు. గోనె మీద, గుడ్డ ముక్కలో, పదహారో లాకు.

“యాడ దొరికింది కాకా?” అన్నాను సంతోషంతో.

“దొరకలే. నా తాననే ఉండె.”

నాకు అర్థం కాలేదు.

“నేనే తీసిన బిడ్డా. ఆ దినమే. గిది లేకుంటే బండి పోదంటివి. నువ్వు సుత పోనంటివి. నాలుగు దినాలు ఉంచి ఇద్దామనుకున్న. నువ్వు మంచిగ మాట్లాడుతుంటివి... ఇయ్యాల్నంటే మనసొప్పలే.”

అప్పుడు నేనేం చేసి ఉండాల్సిందో ఈ వయసులో నాకు బాగా తెలుసు. ఆ రోజు నాకు కనబడింది జల్లెడ పట్టిన మట్టి, కడిగిన బురద, తెగిన వేలు. నా పక్కనే కూర్చుని, దొరకదని తెలిసీ వెతికిన మనిషి.

“ఇసొంటోనివి గన్కనే నిన్ను అడవిల పడేసిండ్రు,” అన్నాను. “మందిల ఉండనియ్యలే.”

 ఆయన తల దించుకోలేదు. నా వైపే చూస్తున్నాడు, నేను ఇంకా ఏదైనా అంటానేమో, అంటే అదీ విందాం అన్నట్టు. తరువాత పొయ్యి వెలిగించడానికి వెళ్లిపోయాడు.

రెండు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు. చాయ షెడ్డు గడప మీద పెట్టి వెళ్లేవాడు. వాల్వులు బిగించాను. గూళ్లలో కిరసనాయిలు పోసి కారడం లేదని చూసుకున్నాను. హెడ్డు తిరిగి ఎక్కించడానికి మాత్రం రెండో మనిషి కావాలి. “పట్టు,” అన్నాను. వచ్చి పట్టాడు. కొత్త గ్యాస్కెటు మీద హెడ్డు దించాం. నట్లు నడుమ నుంచి మొదలుపెట్టి అంచుల వైపు కొంచెం కొంచెంగా, మూడు విడతల్లో బిగించాను. ఆ పని ఎంత జాగ్రత్తగా చేశానో ఇప్పటికీ గుర్తుంది. పక్కన ఉన్న మనిషి పట్ల అందులో పదో వంతు జాగ్రత్త కూడా చూపలేదు.

ఇరవై మూడోరోజు వాన తెరిపి ఇచ్చింది. కొత్త గొట్టం బిగించాక రేడియేటరులో నీళ్లు ఆయనే పోశాడు. ఇనుప కడ్డీ పెట్టి తిప్పితే నాలుగోసారికి ఇంజను అందుకుంది. కాసేపు పొగ వదిలి, తరువాత సమంగా, మెత్తగా నడిచింది. నా జీవితంలో అంత శుభ్రంగా నడిచిన ఇంజను ఇంకొకటి చేశానో లేదో చెప్పలేను. మామూలుగా ఆ మోత వింటే మిస్త్రీకి ఒళ్లు పులకరించాలి. నాకు ఎప్పుడెప్పుడు వెళ్లిపోదామా అని ఉంది.

వేడెక్కిన నట్లు మరోసారి బిగించి, పెట్టె కారులో పెట్టుకుని బయలుదేరాను. ఆయన గేటు తీసి సలాం చేశాడు. నేను చూడనట్టు రోడ్డు వైపే చూస్తూ దాటిపోయాను. వాగు మోకాలి లోతుకు దిగింది. కెరమెరి దగ్గర నీళ్లు చూసుకోవడానికి ఆగితే వెనక సీటు మీద గుడ్డమూట కనబడింది. నాలుగు జొన్నరొట్టెలు, ఎర్రకారం, ఒక ఉల్లిగడ్డ. గిరాటేద్దామనుకున్నాను. ఆకలిగా ఉంది, తిన్నాను.

కరీంనగర్‌లో మెమో నాకోసం సిద్ధంగా ఉంది. ఆరేడు రోజుల పనికి ఇన్ని రోజులు ఎందుకు పట్టిందో సంజాయిషీ ఇవ్వాలి. వాగు పొంగిందని చెప్పాను. గుమాస్తా పెన్ను కింద పెట్టి, “వాగు అందరికీ పొంగుతది. వేరే కారణం చెప్పు,” అన్నాడు. పెద్ద మిస్త్రీ పక్కనుంచి, “నీ మీదికి రానియ్యకుర. ఏం జరిగిందో చెప్పు,” అన్నాడు. చెప్పాను. చౌకీదారు ఒక ముక్క తీసి దాచిపెట్టాడని, వెతకడానికి, కొత్తది చేయడానికి రోజులు పట్టాయని. గుమాస్తా ఇంగ్లీషులో రాసుకుపోయాడు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. కానీ ఆ కాగితంలో దొంగతనం అనే మాట గుర్తుపట్టేంత వచ్చు. పెన్ను పట్టుకుని ఆ మాట మీద కాసేపు ఆగాను. “ఏమాయె, సంతకం రాదా?” అన్నాడు గుమాస్తా. పెట్టాను.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. తీసిన మాట నిజం, దాచిన మాట నిజం. ఎందుకు తీశాడో కూడా నాకు తెలుసు. అది మాత్రం చెప్పలేదు. చెబితే గ్యారేజీలో నవ్వుతారని అనుకున్నాను.

నా మీద చర్య ఏమీ తీసుకోలేదు, ఆ కాగితం నకలు మాత్రం అటవీ శాఖకు వెళ్లింది. ఆరు నెలల తరువాత అటవీ శాఖ డ్రైవరు ఒకడు పనిమీద మా గ్యారేజీకి వస్తే మాటల్లో ఆ బంగళా గురించి అడిగాను. “ఆ ముసలోడా? ఏదో దొంగతనం కేసట. తీసేసిండ్రు. ఇప్పుడు కొత్తోడున్నడు,” అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం నేను ఒక జీపు నట్లు బిగిస్తూ రెండింటి మర చెడగొట్టాను. పెద్ద మిస్త్రీ తిట్టాడు. ఎందుకు అట్లా అయ్యావురా అని మాత్రం అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణేమో.

తరువాతి రెండేళ్లు ఎట్లా గడిచాయో రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పనికి పోయేవాణ్ణి, గదికి వచ్చేవాణ్ణి. ఇద్దరు ముగ్గురు సంబంధాలు తెచ్చారు, వద్దన్నాను. పొయ్యి ముందు ఒక్కణ్ణే కూర్చుని తింటుంటే ఆయన ఇప్పుడు ఎక్కడ తింటున్నాడో, తింటున్నాడో లేదో అన్న ఆలోచన వచ్చేది. చాందా వెళ్లి వెతుకుదామని ఒకసారి సెలవు కూడా పెట్టాను. ఊరి పేరు తెలియదు. పెద్దపల్లి స్టేషనులో ఒక పూట కూర్చుని తిరిగి వచ్చాను.

ఒక ఎండాకాలం మా శాఖ లారీ ఆసిఫాబాద్ రోడ్డు స్టేషను దగ్గరున్న కలప డిపోలో ఆగిపోతే నన్ను పంపారు. పెద్ద డిపో అది. టేకు దుంగల గుట్టలు, ఎడ్లబండ్లు, హమాలీలు, లారీలు, చాయ బండి, అరుపులు. గేటు దగ్గర ఒక మనిషి చేతిలో చీటీలు పట్టుకుని బండ్లను ఒక్కొక్కటే లోపలికి వదులుతున్నాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. ఖాకీ చొక్కా పై గుండీ విప్పి ఉంది.

నేను గేటు బయటే ఆగిపోయాను. ఆయనే ముందు చూశాడు.

“బిడ్డా!” అన్నాడు. అని, చేతిలో చీటీలు పక్కవాడికి ఇచ్చి వచ్చి నా భుజాలు రెండూ పట్టుకున్నాడు. “మంచిగున్నవా? చిక్కినవేంది? ఏలు మానిందా?”

నా బొటనవేలు పట్టుకుని తిప్పి చూశాడు.  చాయ బండి దగ్గరికి లాక్కుపోయి కూర్చోబెట్టి, అక్కడున్న హమాలీలకు చూపించాడు. “గీయన మా మిస్త్రి. చెప్తి గద, అద్దం మీద బండి తలకాయ రుద్దినమని. గీయననే.” వాళ్లు నవ్వుతూ తలలూపారు. ఆ కథ వాళ్లు చాలాసార్లు విన్నట్టుంది.

ఇక ఆగలేకపోయాను. “కాకా, నీ మీద రాసింది నేనే.”

“ఎరికే.”

“ఎరికేనా?”

“ఎందుకెరిక లేదు? రేంజర్ సాబు కాగితం సదివి ఇనిపిచ్చిండు గద. తీసినవా అన్నడు. తీసిన అన్న. అమ్ముకునెటానికా అన్నడు. కాదు సార్ అన్న. మరి ఎందుకురా అన్నడు. మనిషి పోతడని తీసిన సార్ అన్న.” చాయ గ్లాసు నా చేతికి ఇచ్చాడు. “ఆయన కాగితం బల్ల మీద పెట్టిండు. ఆ బంగళాల ఎన్నేండ్ల సంది ఉన్నవన్నడు. తొమ్మిదేండ్లన్న. అవుతలికి పో అన్నడు. నౌకరీ పాయె అనుకున్న. దినం తెల్లారి ఈడికి బదిలీ అని కాగితమిచ్చిండు. శిక్ష, సజా అని రాసిండట అండ్ల.” నవ్వాడు. “గిది సజానా? సూడు, ఎంత మందో.”

“ఎందుకు తీసినవో నాకు ఎరికే కాకా. నేను రాపియ్యలే. రాపియ్యాల్సి ఉండె.”

ఆయన నా మొహంలోకి చూశాడు. అడవిలో ఆ పొద్దున చూసిన చూపే గానీ ఈసారి అందులో ఎదురుచూపు లేదు.

“అది నా బాధ బిడ్డా. నేను చెప్పుకునే మాట. నువ్వెట్ల చెప్తవు?” అన్నాడు. “ఫికర్ జెయ్యకు. బువ్వ తిన్నవా?”

తినలేదన్నాను. తన టిఫిను తెచ్చి సగం పెట్టాడు. ఇద్దరం తినడం మొదలుపెట్టాం. రెండేళ్లుగా దాచుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి నాకు. ఆ రోజు అన్న మాటకు క్షమించమని అడగాలి. అడవి నుంచి వచ్చాక ఎవరితోనూ మా అవ్వ గురించి మాట్లాడలేదని చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తుండగానే గేటు దగ్గర రెండు లారీలు ఎదురెదురై హారన్లు మోగించాయి. ఎవరో ఆయన్ను పేరు పెట్టి పిలిచారు. ఇంకెవరో “మామా, జల్ది రా” అని అరిచారు. ఆయన గబగబా చెయ్యి కడుక్కున్నాడు.

“కూసో బిడ్డా, ఇప్పుడే వస్త.”

కూర్చున్నాను. ఆయన ఒక లారీని వెనక్కి పంపాడు, ఒకదాన్ని లోపలికి వదిలాడు. ఆ వెనకే ఎడ్లబండ్ల వరస వచ్చింది. బండి బండికీ ఆగి, బండి తోలేవాడితో ఏదో ఒకటి అని నవ్వించి, చీటీ చించి ఇస్తున్నాడు. ఒకసారి ఇటు తిరిగి, ఉన్నానో లేదో చూసి, ఉండమని చెయ్యి ఊపాడు. మరో లారీ వచ్చింది. చాయ బండివాడు గ్లాసులు కడిగి బోర్లించాడు. గంటసేపు కూర్చున్నాను. మా లారీ పని నాకోసం ఆగి ఉంది. లేచి, ఆయన టిఫిను డబ్బాకు మూత పెట్టి, హమాలీల దగ్గర ఉంచి వెళ్లి పని చూసుకున్నాను. సాయంత్రం రైలు టైముకు గేటు మీదుగా వెళ్తుంటే ఆయన అవతల దుంగల గుట్ట మీద నిలబడి ఎవరికో దారి చూపిస్తూ అరుస్తున్నాడు. నేను పిలిస్తే వినబడేదే.

నేను పిలవలేదు. ఆయనకు నాతో మాట్లాడే తీరిక లేకపోయింది, అందుకు నేను ఎంత సంతోషపడ్డానో మాటల్లో చెప్పలేను. రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పెద్దపల్లి వచ్చేదాకా పెట్టెలో నాతో ఎవరూ మాట్లాడలేదు.